తొమ్మిది సెకన్ల మూత

నాకు జీతమిచ్చేది నోరు మూసుకుని చూసినందుకు. నవ్వకండి, దీనికీ ఒక చదువుంది, గోడకి తగిలించుకోడానికి ఒక సర్టిఫికెట్టుంది. కంపెనీ ఒక వస్తువు తయారుచేస్తుంది. అది బజారుకి పోకముందే, రేపు దాన్ని వాడబోయే మనిషినొకరిని గదిలో కూర్చోబెట్టి, వస్తువు చేతికిచ్చి, "వాడండి" అంటాను. వాళ్ళు తిప్పలు పడతారు. ఎక్కడ ఆగారో, ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ తమని తామే తిట్టుకున్నారో నేను పక్కన కూర్చుని రాసుకుంటాను. సాయం మాత్రం చేయకూడదు. "ఇప్పుడేం చెయ్యాలి బాబూ?" అని అడిగితే, "మీరైతే ఏం చేస్తారు?" అని తిరిగి అడగాలి. మనం వేలు పెట్టామంటే తప్పు వస్తువుదో మనిషిదో తేలదు.

మనిషికొక ఫారం ఉంటుంది. పేరు, వయసు, పట్టిన సమయం, పడ్డ ఇబ్బంది. అన్నిటికన్నా కింద ఒక గడి: "పరిశీలకుడు సాయం చేశాడా?" ఆరేళ్ళలో ఆ గడిలో "లేదు" తప్ప ఇంకో మాట రాయలేదు నేను. దాని గురించి కాస్త గర్వంగా కూడా ఉండేది.

మా కంపెనీకి వాడేవాళ్ళంటే మహా భక్తి. మీటింగు గదిలో ఒక నీలం కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాళ్ళు. దాని వీపుకి "వాడే మనిషి" అని చీటీ అంటించి ఉండేది. ప్రతి నిర్ణయం ఆ మనిషి ఎదురుగా కూర్చుని వింటున్నట్టు తీసుకోవాలని మా సారు ఎక్కడో నేర్చుకొచ్చాడు. మామూలు రోజుల్లో ఆ కుర్చీలో మా సంచులూ హెల్మెట్లూ కూర్చునేవి, వానొస్తే తడి గొడుగులు కూర్చునేవి. బయటివాళ్ళు వచ్చినప్పుడు గొడుగులు తీసేసి, సారు ఆ కుర్చీ మీద చెయ్యి వేసి, "మాకు అసలు యజమాని ఈయనే" అని చెప్పేవాడు. వచ్చినవాళ్ళు తల ఊపేవాళ్ళు.

సారుకి మేం పెట్టుకున్న పేరు సెకన్ల సారు. దేన్నైనా సెకన్లలో అడుగుతాడు. మంచివాడే, పండ్లు పంచిపెడతాడు, అందరినీ గారూ అంటాడు. అలాంటివాళ్ళతోనే చిక్కు. తిట్టేవాడైతే ఎదురు తిరగొచ్చు.

కిందటేడు మేం చేసింది మందుల డబ్బా. గుండ్రంగా, అరచేతిలో పట్టేంత ఉంటుంది. రోజుకొకటి చొప్పున ఏడు గదులు, పైన ఒకటే మూత. వేళకి గంట మోగుతుంది. మూత తీస్తే గంట ఆగుతుంది, ఆ రోజు మాత్ర ఎదురుగా ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసమని మొదలుపెట్టాం. మొదటి నమూనాకి ఎత్తితే వచ్చే మూత ఉండేది. గోరుతో తీయొచ్చు. తర్వాత డబ్బాలు పోసే అచ్చులు చూసుకునే ఇంజనీరు దాన్ని మార్చేశాడు. కొత్త మూతని బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కి, వదలకుండా పక్కకి తిప్పాలి. పిల్లలు తీయలేరు, చూడ్డానికి అతుకు కనపడదు, ఒక స్ప్రింగు మిగులుతుంది. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది చూపించినా అది తోకంటాడు.

ఆ మూతని నేను ఎనిమిది మంది పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టి చూశాను. ఆరుగురు తీయలేకపోయారు. ఒకాయన పళ్ళతో ప్రయత్నించాడు. ఒకావిడ పది నిమిషాలు తంటాలు పడి, డబ్బా నా వైపు జరిపి, "నాకే బుర్ర లేదులే నాయనా" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు రిపోర్టులో రాశాను.

సెకన్ల సారు రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందండీ ఇది," అన్నాడు చివరికి. "మీరు పట్టుకొచ్చినవాళ్ళు మరీ పెద్దవాళ్ళు. అలవాటు లేనివాళ్ళు. అచ్చు ఉక్కులో కోసేశారు, ఇప్పుడు మార్చడం కుదరదు. శుక్రవారం మళ్ళీ పరీక్ష పెడదాం. ఈసారి మన వాళ్ళ ఇళ్ళలోని పెద్దవాళ్ళని పిలుద్దాం. మన వస్తువు మన ఇంట్లోవాళ్ళకి నచ్చకపోతే బయటివాళ్ళకెలా నచ్చుతుంది?"

వినడానికి ఎంత బాగుందో చూడండి. గదిలో ఐదుగురం ఉన్నాం, ఐదుగురం బాగుందనే అన్నాం. మా పనిలో చేయకూడని తప్పు అదొక్కటే, ఆ తప్పు నాకు తెలుసు. మనల్ని ప్రేమించేవాళ్ళని ఎప్పుడూ పరీక్షకి కూర్చోబెట్టకూడదు. వాళ్ళు వస్తువుని వాడరు, మనల్ని గట్టెక్కిస్తారు.

బయటికొస్తుంటే సారు నన్ను ఆపాడు. "పైవాళ్ళు అడుగుతున్నారండీ, మీ విభాగం వల్ల పని ఆగడమే గానీ ముందుకి పోవడం లేదని. శుక్రవారం బాగా జరగాలి." విభాగం అంటే నేనొక్కడినే. నేనూ నా ఫారాలూ.

నన్ను పెంచింది పిన్ని. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పిన్ని దర్జీ. వీధి వైపు గదిలో మిషను, లోపలి గదిలో మేమిద్దరం. ముప్ఫై రెండేళ్ళు కుట్టింది. ఆవిడ దగ్గర ఒక అలవాటుండేది, దానికి జనం విసుక్కునేవాళ్ళు కూడా. కుట్టడం అయ్యాక బట్ట తొడిగించి, అద్దంలో చూసుకుని మురిసిపోయే మనిషిని అక్కడితో వదిలేది కాదు. "కూర్చోండి," అనేది. కూర్చున్నాక, "చేతులెత్తండి. పైనున్న డబ్బా అందుకుంటున్నట్టు. ఇప్పుడు వంగి చెప్పు తొడుక్కోండి." ఎక్కడ పట్టేస్తే అక్కడ విప్పేది. అందుకే కుట్టు లోపల ఎప్పుడూ అంగుళం గుడ్డ వదిలేది.

"అద్దం ముందు నిలబడ్డ మనిషికి ఎవరైనా కుడతారు," అనేది. "బతికేది అద్దం ముందు కాదుగా."

నేను తర్వాత పెద్ద చదువు పేరుతో నేర్చుకున్నదంతా ఇదే. ఆ మాట ఎప్పుడూ ఆవిడతో చెప్పలేదు. చెప్పుంటే బాగుండేది.

కత్తెర ముప్ఫై రెండేళ్ళు తిన్న కుడి బొటనవేలు పిన్నిది. మొదట్లో వాచి, కీలు దగ్గర బుడిపె కట్టింది. మిషను ఆపేసి ఏడాదైంది. చేత్తో కుట్టేవి మాత్రం వదల్లేదు. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని ఇరుగుపొరుగు వాళ్ళ గుండీలు, అంచులు కుట్టిపెట్టేది. డాక్టరు ఆ వేలిని అటూ ఇటూ వంచి చూసి, "దీని మీద బరువు పెట్టొద్దమ్మా. పొదుపుగా వాడుకుంటే ఇంకో పదేళ్ళు సూది పట్టుకుంటారు," అన్నాడు. ఆ పదేళ్ళనీ పిన్ని చాలా ఇష్టంగా తలుచుకునేది. రేపేం కుట్టాలో ఈరోజే బుట్టలో సర్దుకునేది.

సారు నన్ను ఆపి మాట్లాడిన ఆ సోమవారం సాయంత్రం భోజనాల దగ్గర పిన్నికి అంతా చెప్పేశాను. కొత్త మూత సంగతి, పళ్ళతో తీయబోయిన పెద్దాయన సంగతి, శుక్రవారం సంగతి, నా విభాగం సంగతి.

"మద్దెల ఓడన్నాడా మీ సారు?" అంది పిన్ని. "నిజంగానే మద్దెల ఓడైతే ఎవరాడతారంట?"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ కంచం వైపు చూస్తూ అడిగింది. "శుక్రవారం బాగా జరక్కపోతే నిన్ను తీసేస్తారా?"

"తీసేస్తామని అనలేదు."

"అనరులే. నేను వస్తాను. ఆ డబ్బా ఏదీ, చూపించు."

చూపించాను. అక్కడ ఆగి ఉండాల్సింది. పరీక్ష వస్తువు ముందుగా ఇంట్లో పెట్టకూడదు, ఇది పసిపిల్లాడికైనా తెలిసిన నియమం. ఆవిడ ఒకసారి నొక్కి చూసింది, రాలేదు. ఇంకోసారి నొక్కింది. "గట్టిదేరా," అని బల్ల మీద పెట్టింది. మర్నాడు పొద్దున్నే నేను ఆఫీసుకి పోతూ డబ్బాని సంచిలో వేసుకోలేదు. మర్చిపోయానని నాకు నేను చెప్పుకున్నాను.

బుధవారం పిన్ని బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది.

"ఏమైంది?"

"సూది గుచ్చుకుంది."

సూది గుచ్చుకుంటే వేలి కొసకి గుచ్చుకుంటుంది. కట్టు వేలి మొదట్లో, బుడిపె మీద ఉంది. కిటికీ దగ్గర కుట్టు బుట్ట సోమవారం ఎలా ఉందో అలాగే ఉంది, పైన అదే ఆకుపచ్చ చొక్కా. మనుషులు చెప్పేది కాక చేతులు చెప్పేది చూడమని నాకు నేర్పారు. చూశాను. "జాగ్రత్త పిన్నీ," అని చెప్పులేసుకున్నాను.

శుక్రవారం ఎనిమిది మంది వచ్చారు. లెక్కల విభాగంలో ఆయన మామగారు, సారు అత్తగారు, అచ్చు ఇంజనీరు తండ్రి, ఇంకా అలాంటివాళ్ళే. ముందుగా మీటింగు గదిలో కూర్చోబెట్టి టీలిచ్చారు. పిన్ని ఉతికిన చీర కట్టుకుని, కట్టు విప్పేసి వచ్చింది. గదిలో కుర్చీలన్నీ నిండిపోయి నీలం కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆవిడ అందులో కూర్చోబోతే టీలు తెచ్చినమ్మాయి పరుగున వచ్చింది.

"అమ్మా, అందులో కూర్చోకూడదండి. అది వాడేవాళ్ళది. మీకు బయట నుంచి కుర్చీ తెస్తాను."

పిన్ని నా వైపు చూసింది. నేను ఫారాలు సర్దుకుంటున్నాను. ఆవిడ టీ గ్లాసు పట్టుకుని, కుర్చీ వచ్చేదాకా గోడ పక్కన నిలబడింది.

పరీక్ష గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కెమెరా ఉంటాయి. గోడకున్న అద్దం అవతల గదిలో సారు, ఇంజనీరు కూర్చుని చూస్తుంటారు. పిన్ని నా ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను అందరితో చెప్పేదే చెప్పాను. "మేం పరీక్షించేది మిమ్మల్ని కాదండీ, ఈ వస్తువుని. ఇందులో తప్పూ ఒప్పూ ఉండవు. గంట మోగినప్పుడు మీకు తోచినట్టు చేయండి."

గంట మోగింది. పిన్ని డబ్బాని ఎడమ చేత్తో ఒళ్ళోకి తీసుకుని, పొట్టకి ఆనించుకుని, కుడి బొటనవేలి మీద ఒళ్ళంతా వంచి నొక్కింది. అలా తీయమని డబ్బా మీద ఎక్కడా లేదు. అది ఎన్నో సార్లు చేసి కనిపెట్టిన ఉపాయం. మూత తిరిగింది. గంట ఆగింది. మొహంలో ఏ మార్పూ లేదు. గొంతులో మాత్రం ఒక్క గుటక పడింది, అది నాకొక్కడికే కనపడింది. తొమ్మిది సెకన్లు.

"మీకు ఇబ్బందిగా ఏమైనా అనిపించిందాండీ?"

"లేదండీ. హాయిగా ఉంది," అంది పిన్ని. నన్ను పెంచిన మనిషి, కెమెరా ముందు నన్ను అండీ అంది.

ఇబ్బంది అన్న చోట "ఏమీ లేదు" అని రాశాను. సాయం చేశాడా అన్న చోట "లేదు" అని రాశాను. సంతకం చేశాను.

ఎనిమిదికి ఎనిమిది మందీ తీశారు. ఇంజనీరు తండ్రి కూడా పొట్టకి ఆనించుకునే తీశాడు. లెక్కలాయన మామగారి బొటనవేలు కందిపోయి ఉంది. అంటే అందరూ డబ్బా ఇంటికి పట్టుకెళ్ళారు, ఏ ఇంట్లోనూ అది తిరిగి సంచిలోకి చేరలేదన్నమాట. అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. సారు పండ్ల బుట్ట తెప్పించి అందరికీ తలా రెండు పంచాడు.

డబ్బా బజారుకి పోయింది. అట్టపెట్టె మీద పిన్ని ఫొటో వేశారు, కింద "పెద్దవాళ్ళు మెచ్చిన డబ్బా" అని. ఫొటోలో ఆవిడ డబ్బాని ఎడమ చేత్తో పట్టుకుని నవ్వుతోంది. నా విభాగానికి ఇంకో మనిషిని ఇస్తామన్నారు. నాకు పెద్ద బల్ల ఇచ్చారు. చేతులు కాలకముందే ఆకులు దొరికినట్టు సంబరపడ్డాను, చేతులు నావి కావు కాబట్టి.

మూడో నెల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. కత్తితో మూత లేపబోయి అరచెయ్యి కోసుకున్నావిడ. డబ్బాని నేలకేసి కొట్టి పగలగొట్టి మాత్రలు ఏరుకున్నాయన. ఒకమ్మాయి తన తండ్రి గురించి రాసింది. ఆవిడ ఊళ్ళో లేని రెండు రోజులూ ఆయన రక్తపోటు మాత్ర వేసుకోలేదు, మూడో రోజు స్నానాల గదిలో పడిపోయాడు. "మందు ఆయన ఎదురుగానే ఉంది. గంట మోగుతూనే ఉందట. మూతే రాలేదు," అని రాసింది. ఎవరినీ తిట్టలేదు. తిట్టుంటే నాకు తేలికగా ఉండేది.

ఆ ఉత్తరాలన్నీ పట్టుకుని సారు దగ్గరికెళ్ళాను. మూత మార్చాలన్నాను. ఆయన ఓపికగా విని, కంప్యూటరు నా వైపు తిప్పి వీడియో పెట్టాడు. పిన్ని, డబ్బా, తొమ్మిది సెకన్లు.

"వస్తువులో లోపమైతే ఈవిడకి ఎలా వచ్చిందండీ? మీ సంతకమే ఉంది కదా," అన్నాడు. మాటలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "తీసే పద్ధతి తెలియక ఇబ్బంది పడుతున్నారు, అంతే. పద్ధతి నేర్పుతూ చిన్న వీడియో చేద్దాం. మీ పిన్నిగారితోనే చేయిద్దాం. అట్ట మీద మొహం కదా, నమ్ముతారు. అడిగి చూడండి."

నేను కుక్కిన పేనులా బయటికొచ్చాను.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పిన్ని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో ఏమీ లేదు. బుట్టలో పైన అదే ఆకుపచ్చ చొక్కా. నాలుగు నెలలుగా అక్కడే ఉంది. రోజూ దాని పక్కనుంచే చెప్పులేసుకుని పోతున్నాను.

సారు అడిగింది చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పాను.

పిన్ని కుడి చెయ్యి చాపింది. "పట్టుకో," అంది. బొటనవేలు అరచేతి వైపు వంగి బిగుసుకుపోయి ఉంది. నేను మెల్లగా కదపబోతే ఊపిరి బిగబట్టింది. వదిలేశాను.

"ఎప్పటినుంచి?"

"ఆ శుక్రవారం నుంచే. తగ్గుతుందేమో అనుకున్నాను. నువ్వు ఊళ్ళో లేని రోజు డాక్టరు దగ్గరికెళ్ళాను. ఇక సూది మాట మర్చిపొమ్మన్నాడు."

"మరి మాత్రలు?"

ఎడమ చేత్తో కిటికీ గూట్లోంచి గుండీల డబ్బా తీసింది. పాత రేకుడబ్బా, మూతే లేదు దానికి. గుండీలు ఒక పక్కకి నెట్టి, ఇంకో పక్క మాత్రలు పోసుకుంది. మా కంపెనీ డబ్బా అల్మారా పైన దుమ్ములో ఉంది.

"నాతో ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

నా మీద కోపమొస్తే పిన్ని గొంతు ఎప్పుడూ తగ్గేది.

"ముప్ఫై రెండేళ్ళు కుట్టాను. బట్ట బిగుతైతే బట్ట విప్పాను గానీ, ఒక్క మనిషిని కూడా సన్నబడి రమ్మన్లేదురా. నీ కోసం నేనే సన్నబడ్డాను. నాలుగు రోజులు, రోజుకి వందసార్లు. అది నా ఇష్టం, దానికి నిన్నేమీ అనను."

"నాకు తెలిసుంటే..."

"నీకు తెలుసు. బుధవారం పొద్దున కట్టు చూశావు. సూదని అబద్ధం చెప్పాను. నువ్వు కట్టు వైపు చూశావు, బుట్ట వైపు చూశావు, మళ్ళీ కట్టు వైపు చూశావు. తర్వాత జాగ్రత్త పిన్నీ అని చెప్పులేసుకున్నావు. చూడ్డమే కదా నీ పని. ఎంత బాగా చూస్తావో అనుకున్నాను ఆరోజు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు పిన్నీ?"

"నువ్వైతే ఏం చేస్తావు?" అంది. ఆ మాట ఆవిడకి నేనే నేర్పాను, పరీక్షలో అడిగితే ఇలా అంటాను, నవ్వొద్దని.

రాత్రి ఎనిమిదయ్యింది. అల్మారా మీద డబ్బా మోగడం మొదలైంది. అది ఆగాలంటే మూత తీయాలి, లేదా పావుగంట ఆగాలి. రోజూ పావుగంట మోగనిస్తుందట. రోజూ నేను ఎనిమిదిన్నర దాటాక ఇంటికొచ్చేసరికి ఆగిపోయి ఉండేది, మాత్ర వేసుకుందనుకునేవాణ్ణి. కిందకి దించి నొక్కి తిప్పాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఇన్నాళ్ళూ ఆ మూతని సరిగ్గా ఎవరి చేతికి చేశామో అప్పుడు తెలిసింది.

సంచిలోంచి ఒక ఫారం తీసి బల్ల దగ్గర కూర్చున్నాను. వాడిన మనిషి: పిన్ని, దర్జీ, అరవై నాలుగేళ్ళు. పట్టిన సమయం: తీయలేరు. పడ్డ ఇబ్బంది అన్న చోట నాలుగు రోజుల సంగతీ, వేలి సంగతీ, పదేళ్ళ సంగతీ రాశాను. చోటు చాలక వెనక పేజీకి వెళ్ళాను. రేపు దీన్ని సారు బల్ల మీద పెడతాను. ఏమవుతుందో కూడా తెలుసు. మర్యాదగా చదివి, పరీక్ష ఆఫీసులో జరగలేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదండీ అంటాడు. ఆ నీలం కుర్చీ మీద ఎవరిదో గొడుగు ఉంటుంది.

పిన్ని రేకుడబ్బాలో ఎడమ చేత్తో వెతుక్కుని మాత్ర వేసుకుంది. నేను ఫారం ఆఖరి గడి దగ్గరికొచ్చాను. పరిశీలకుడు సాయం చేశాడా?

లేదు, అని రాసి సంతకం పెట్టాను.